పక్కింటి బిందె

రమాకుమారికి కోపం వస్తే కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడుస్తుంది. తుడవడం ఎంతసేపు సాగితే తిట్లు అంత గట్టిగా పడతాయని హౌరా పక్కన లిలువాలో ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలందరికీ తెలుసు. వాళ్లకు తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. దిదిమణి, అంటే బెంగాలీలో పంతులమ్మ, ఏ పాఠం మొదలుపెట్టినా దారిలో సంత్రాగాఛి దగ్గర ఆగి తీరుతుంది. ఆకులు గాలి ఎలా పీలుస్తాయో చెబుతూ చెబుతూ రైల్వే క్వార్టర్ల పెరట్లో అమ్మ పెంచిన ఆనపపాదు దగ్గరికి వెళ్లిపోతుంది. వెన్నెముక గురించి చెప్పబోయి, యార్డులో బరువులెత్తి నడుం పట్టేసిన నాన్న కూర్మయ్య దగ్గర తేలుతుంది. పరీక్షలో సంత్రాగాఛి మీద ప్రశ్న ఇస్తే మేమంతా ఫస్టే అని పిల్లలు చాటుగా నవ్వుకుంటారు.

ఆవిడ పుట్టి పెరిగింది ఆ క్వార్టర్లలోనే. శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చి యార్డులో కలాసీగా చేరిన కూర్మయ్యకీ, అప్పలకొండమ్మకీ ఒక్కగానొక్క కూతురు. ఆ క్వార్టర్లు కూల్చేసి చాలాకాలమైంది. ఇప్పుడక్కడ కొత్త పట్టాలు, ఇనప కంచె, కంచెకు చుట్టుకున్న పిచ్చితీగలు. అయినా లోకల్ బండి సంత్రాగాఛి చేరుతోందంటే రమాకుమారి సీటు వదిలి తలుపు దగ్గరికి వస్తుంది. సీటు పోతుందని తెలుసు, అయినా వస్తుంది. అక్కడేముందని చూస్తావని భర్త రామనాథం ఒకసారి అడిగాడు. జవాబు మొత్తం విన్నాక మళ్లీ అడగలేదు. ఆయన మాట తక్కువ మనిషి, ఈ కథలో ఆయనకు పెద్ద పని లేదు.

రమాకుమారి చెప్పే సంత్రాగాఛి కథలన్నిటిలోకీ పెద్దది కుళాయి కథ. దాని దగ్గరికే వస్తున్నాం.

హైదరాబాదు సంస్థ ఒకటి రమాకుమారి పనిచేసే బడికి కంప్యూటర్లు ఇచ్చింది. ఊరికే ఎవరిస్తారు? ఒక షరతు పెట్టారు. తొమ్మిదో తరగతి పిల్లలు జట్టుగా కూర్చుని, తమ చుట్టూ ఉన్న నిజమైన సమస్య ఒకటి పట్టుకుని, దాని కారణం తామే వెతుక్కోవాలి. దొరికింది దొరికినట్టు వికీలో రాయాలి. ఏడాది చివర మనిషి వచ్చి చూస్తాడు. బాగుంటే కంప్యూటర్లు ఉంటాయి, లేకపోతే మరో బడికి పోతాయి. ఆ క్లాసు పెట్టాలని ప్రధానోపాధ్యాయురాలి వెంటపడి ఒప్పించింది రమాకుమారే. కాబట్టి మంచైనా చెడైనా ఆవిడ నెత్తినే.

వికీ అంటే ఏమిటో ఆవిడ పిల్లలకు ఇలా చెప్పింది. అది అందరిదీ అయిన పలక. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు దిద్దవచ్చు, చెరపవచ్చు, కలపవచ్చు. ఎవరు ఎప్పుడు ఏ మాట మార్చారో అడుగున చరిత్ర అనే చోట ఉండిపోతుంది, అందుకని దొంగతనం కుదరదు.

సమస్యను వెతకనక్కర్లేకపోయింది. మున్సిపల్ క్వార్టర్లలో చివరి వరస ఇంట్లో ఉండే పూజిత లేచి, మా వరసకు కుళాయి నీళ్లెందుకు రావు దిదిమణీ అని అడిగింది. అదే తీసుకున్నారు. జవాబు మీరే చెప్పండి, రాసుకుంటాం అన్నారు పిల్లలు. నాకూ తెలీదు, మీరు కనుక్కుని చెబితే నేనూ తెలుసుకుంటాను అంది రమాకుమారి. క్లాసంతా తెల్లబోయింది. ఆ మాట ఇళ్లకు పాకింది. మున్సిపాలిటీ చెత్తబండి మీద పనిచేసే వెంకటేశు తన కూతురు అమ్ములును వెంటబెట్టుకుని బడికి వచ్చాడు.

"పంతులమ్మగోరికే తెల్దంట కదండి. మరింక పిల్లలకేటి సెప్తారండి?" అన్నాడు వినయంగానే.

"తెలీదని చెప్పడం కూడా పాఠమే బాబూ," అంది రమాకుమారి కళ్లజోడు తీస్తూ. అమ్ములు తండ్రి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

జట్టులో తలా ఒక పేజీ పంచుకున్నారు. గొట్టాలు ఒకరికి, నీళ్లు వదిలే వేళలు ఒకరికి, ఇళ్లలో బిగించే మోటార్లు అమ్ములుకు, నీళ్లు రాక వచ్చే జబ్బులు పూజితకు. అలా మొదలై అక్కడే చతికిలబడింది. ఎవరి పేజీ వాళ్లు రాసుకున్నారు గానీ ఒకరి పేజీ ఒకరు ముట్టుకోలేదు. ఇందులో తప్పుంది, దిద్దవే అంటే, అది పూజితది దిదిమణీ అంటుంది ఒకతె. ఇంకొకరి కంచంలో చెయ్యి పెట్టమన్నట్టు చూస్తారు. కళ్లెదుట తప్పు కనిపిస్తున్నా కింద చాలా బాగుంది అని రాసి, ఒక పువ్వు బొమ్మ పెట్టి ఊరుకుంటారు. నెలలు గడిచినా వికీలో పువ్వులు పెరిగాయి తప్ప సంగతి పెరగలేదు.

రమాకుమారి కళ్లజోడు తుడిచి తుడిచి చెంగు మాసింది. తిట్లు పనిచెయ్యవని తేలాక తన అలవాటు ప్రకారం సంత్రాగాఛి వెళ్లింది. వికీలో ఒక కొత్త పేజీ తెరిచి కుళాయి కథ రాసింది.

మా క్వార్టర్ల వరస చివర ఒకే ఒక్క కుళాయి ఉండేది అని మొదలుపెట్టింది. తెలుగువాళ్లం, ఒడియావాళ్లు, బెంగాలీలు, బిహారీలు, అందరికీ అదే. తెల్లవారి మొదటి లోకల్ కూతకు ఆడవాళ్లంతా ఇత్తడి బిందెలు, ఇనప బకెట్లతో చేరేవారు. అక్కడ ఒక ఆచారం ఉండేది. ఎవరి బిందె వాళ్లు పట్టుకోకూడదు. వెనకున్నామె ముందున్నామె బిందె పడుతుంది. మా అమ్మ పక్కింటి అప్పమ్మత్త బిందె పట్టి నడుం మీదికి అందించేది. అమ్మ బిందె ఆ వెనక నిలబడ్డ బెంగాలీ కాకీమా, అంటే మా పిన్నిలాంటామె, పట్టేది. ఎంత కరువు వేసవిలోనూ ఆ ఆచారం తప్పలేదు. అంత ప్రేమ ఆ మనుషుల మధ్య. అలాంటి కుళాయి మళ్లీ నేను చూడలేదు.

రాసినంతసేపూ ఆవిడ ముక్కుకు తడి బిందె వాసన తగులుతూనే ఉంది. మర్నాడు క్లాసులో చదివి వినిపించింది. పిల్లలు నవ్వలేదు.

ఆ రోజు నుంచి వికీ పరుగందుకుంది. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, ఒకరి పేజీ మీద ఒకరు పడ్డారు. తప్పులు దిద్దారు, లేనివి కలిపారు, ఇల్లిల్లూ తిరిగి అడిగి వచ్చి రాశారు. పువ్వులు మాయమయ్యాయి. రమాకుమారి పొంగిపోయింది. ఆ పొంగులో ఒక్కటి గమనించలేదు. పిల్లలు కథను కథగా వినలేదు, కట్టుబాటుగా తీసుకున్నారు. దిదిమణి చెప్పింది కదా, ఎవరి బిందె వాళ్లు ముట్టుకోకూడదని! పొరపాటున కూడా ఎవరూ తన పేజీలో అక్షరం పెట్టలేదు. అంతకుముందు తాము రాసుకున్నది సైతం పక్కవాళ్లచేత తుడిపించి, వాళ్లచేతే కొత్తగా రాయించుకున్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

ఏడాది చివర సంస్థ మనిషి వచ్చాడు. పేరు ప్రసన్నకుమార్. హైదరాబాదు కుర్రవాడు, మర్యాదస్తుడు, తెలుగు మాట్లాడే టీచరు దొరికిందని సంబరపడ్డాడు. పేజీలు చదివి బాగున్నాయన్నాడు. తరవాత చరిత్ర తెరిచాడు. పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూశాడు.

"మేడమ్, ఈ అమ్ములు పేజీలో అమ్ములు రాసింది ఒక్క ముక్క లేదు. పూజిత పేజీల పూజితది లేదు. అందరిదీ గంతే. ఎవరి పని వాళ్లు చెయ్యలే, పక్కోళ్లతోని చేయించుకున్నరు. నేనేమని రాయాలె?"

రమాకుమారి గబగబా వంగి చరిత్ర చూసింది. నిజమే. కారణం కూడా ఆవిడకు వెంటనే తెలిసిపోయింది. ప్రసన్నకుమార్‌ను కూర్చోబెట్టి కుళాయి కథంతా చెప్పింది. తన బిందె తాను పట్టుకోకపోవడం, కాకీమా, అప్పమ్మత్త, ప్రేమ, అన్నీ. అతను శ్రద్ధగానే విన్నాడు.

"కథ మంచిగున్నది మేడమ్. మా అమ్మమ్మ యాదికొచ్చింది. కానీ ఎవరి సొంత పని ఎంత అని అడుగుతరు నన్ను. ప్రేమకని గడి లేదు నా ఫారంల. రేపు మధ్యాహ్నం బండికి పోతున్న. అప్పటిదాక ఇంకేమన్న ఉంటే చెప్పండి."

చెప్పడానికి ఇంకేముంది? కంప్యూటర్లు పోతాయి. పోతే పోయాయి, రేపు పిల్లలకు మీరు మోసం చేశారని చెప్పాలి. తాను చెప్పిన కథను తు.చ. తప్పకుండా పాటించినందుకు! ఇంటికి నడుస్తుంటే రమాకుమారికి లిలువా వర్క్‌షాపు సైరను కూడా వినిపించలేదు.

ఇంట్లో అప్పలకొండమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ముసలమ్మకు మోకాళ్లు పోయాయి గానీ నోరు నిక్షేపంలా ఉంది. కూతురు పలకరించకుండా లోపలికి పోయి కంప్యూటరు తెరవడం ఓరకంట చూసింది.

రమాకుమారి తన కుళాయి పేజీ తెరిచింది. ప్రసన్నకుమార్‌కు చెప్పడంలో ఏమైనా మరిచిపోయానేమో, ఇంకొంచెం బాగా చెబితే కరుగుతాడేమో అని ఆశ. తెరిచి బిత్తరపోయింది. అంత ప్రేమ ఆ మనుషుల మధ్య అన్న వాక్యం లేదు. ఎవరో చెరిపేశారు. దాని స్థానంలో ఇలా ఉంది: ఇది ప్రేమవల్ల కాదు, తగాదావల్ల. అప్పలకొండమ్మగారు చెప్పారు. చరిత్రలో చూస్తే అమ్ములు పేరు.

 ఏడాది పొడుగునా ఒకరి రాత ఒకరు దిద్దండర్రా అని మొత్తుకున్న మనిషే, తన వాక్యం మీద చెయ్యి పడేసరికి భగ్గుమంది. తనదాకా వస్తే గానీ తెలియదంటారు. కళ్లజోడు తీసింది, తుడవడం మరిచి అలాగే పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"అమ్మా, పిల్లలకేం చెప్పావు నువ్వు?"

"ఏ పిల్లలే?"

"మా బడి పిల్లలు. అమ్ములు."

"ఓ, ఆ గుంటలా. మొన్న ఆదివారం నువ్వు బజారుకెల్నప్పుడు ఒచ్చినారు. పాతకాలంలో నీళ్లు సాలకపోతే ఏటి సేసీవోరు అమ్మమ్మా అని అడిగినారు. సెప్పినాను."

"ఏమని?"

"ఉన్నదే సెప్పినాను. ఎవులి బిందె ఆలు పట్టుకుంటే పొర్లిపోయీదాకా తియ్యరు. కడిగినట్టు కడిగి ఒంపీసి మళ్లీ పట్టీవోరు. ఎనకున్నోలికి సుక్క మిగిలీది కాదు. ఒకరోజు జుట్టూ జుట్టూ పట్టుకున్నాం. అప్పమ్మ బిందెకి సొట్ట ఎలాగ పడ్డాదనుకున్నావు? నా నెత్తి మీదే పడ్డాది. అప్పుడు కాకీమా పెట్టినాది ఈ కట్టడి. ఇంకోలి బిందె పడితే మెడ దాకా ఒచ్చీసరికి సెయ్యి దానంతటదే ఆగిపోద్ది. నమ్మకం నేక పెట్టుకున్నామే. పేమంటావేటి, దోమంటావేటి."

రమాకుమారి గడప మీద కూర్చుంది. చిన్నప్పుడు తాను చూసింది చేతులు మాత్రమే. అమ్మ చేతులు అప్పమ్మత్త బిందె మీద. ఆ చేతుల వెనక ఏముందో ఎవరూ చెప్పలేదు, తానూ అడగలేదు. ఇన్నేళ్లూ లోకల్ బండి తలుపు దగ్గర నిలబడి చూసింది లేని కుళాయినా అనిపించి ఏడుపు వచ్చింది. వచ్చిన ఏడుపును దాచుకోలేదు.

ముసలమ్మ చిక్కుడుకాయల పళ్లెం పక్కకు పెట్టింది.

"ఏడుస్తావేటే పిచ్చిదానా. మొదట నమ్మకం నేకే. తరవాత తరవాత ఆ తగువు ఎవులికి గుర్తున్నాది? అలవాటైపోనాది. మరి ఇల్లల్లోకి కుళాయిలొచ్చినాయి సూడు, ఆ రోజు నా బిందె నానే పట్టుకున్నాను. ఎక్కడ ఆపాలో తెల్నేదు. నిండిపోనాది, పొర్లిపోనాది, గదంతా నీళ్లే. మీ నాన్న ఒకటే నవ్వు. నాకు ఏడుపొచ్చినాది."

"ఎందుకమ్మా?"

"సాలు తియ్యే అనడానికి పక్కన అప్పమ్మ నేదు కదే."

 రామనాథం వచ్చి, చిక్కుడుకాయల పళ్లెం తీసుకుని వంటింట్లోకి పోయాడు.

మర్నాడు పొద్దున్నే ప్రసన్నకుమార్ ఎదుట కూర్చుని, నిన్న నేను చెప్పింది సగమే అంది రమాకుమారి. అది ప్రేమ కాదండీ, తగాదా అంటూ అమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పింది. తన కుళాయి మీద తనకున్న గొప్పంతా అలా ఒక కొత్తవాడి ముందు ఒలిచి పెట్టడానికి ఆవిడకు ప్రాణం ఎంత గింజుకుందో చెప్పలేం. చెప్పాక అమ్ములు పేజీ తెరిచి మొదటి వాక్యం చూపించింది.

ముందు వరసలో కొన్ని ఇళ్లవాళ్లు గొట్టానికి మోటారు బిగించి నీళ్లు లాగేసుకుంటున్నారు, అందుకే చివరి వరసకు రావడం లేదు, మొదటి మోటారు అమ్ములు వాళ్ల ఇంట్లో ఉంది. రాసింది పూజిత.

ప్రసన్నకుమార్ రెండుసార్లు చదివాడు. అమ్ములును పిలిపించమన్నాడు. పిల్ల వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. దిదిమణి చేతిలో కళ్లజోడు ఉందేమోనని ముందు అటు చూసింది. లేదు.

"ఇది నిజమేనామ్మా?" అన్నాడు.

అమ్ములు తలూపింది.

"ఇంట్ల ఏమనలేదా?"

"నాన్న తిట్టినాడు. మరి పూజితోల వరసంతా వచ్చి అడిగినారు. ఇప్పుడు పొద్దున్న కాసేపు ఆపుతున్నాడు."

"మరి నీ పేజీయే గదా. తుడిచేస్తే ఎవరికి తెలుస్తది?"

"నా పేజీ కదా దాదా," అంది అమ్ములు అన్నయ్యను పిలిచినట్టు. "నేను ముట్టుకోకూడదు."

ప్రసన్నకుమార్ ఆ పిల్లను పంపించేశాడు. కుర్చీలో వెనక్కి వాలి, మేడమ్, అమ్ములే రాసుకుంటే ఈ మాట ఉండేది కాదు గదా అన్నాడు. ఉండేది కాదండీ, నేను రాసుకున్నదాంట్లో మా అమ్మ తగాదా లేదు చూడండి అంది రమాకుమారి. అతనికి నవ్వొచ్చింది. చరిత్రలో పేజీ పేరు వదిలేసి మనిషి పేరు పెట్టి వెతికాడు. అమ్ములు రాత జబ్బుల పేజీ నిండా ఉంది, గొట్టాల పేజీలో ఉంది, చివరికి దిదిమణి పేజీలో కూడా ఉంది. పూజితదీ అంతే. పక్కవాళ్ల పేజీలో ఎంత చేశారో దానికే మార్కు వేస్తానని, అలా ఎందుకు వేశాడో కింద రాస్తానని చెప్పాడు. పైవాళ్లు ఒప్పుకుంటారని మాట ఇవ్వలేదు. తన వంతు గట్టిగా అడుగుతానన్నాడు. అడిగినట్టే ఉన్నాడు, వేసవి సెలవుల తరవాత కూడా కంప్యూటర్లు అక్కడే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం ప్రసన్నకుమార్‌ను హౌరా బండికి పంపి రమాకుమారి క్లాసుకు వచ్చింది. పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. అమ్ములు అందరికంటే వెనక బల్ల మీద ఉంది. చెరిపిన వాక్యం సంగతి జట్టులో అందరికీ తెలుసని వాళ్ల మొహాలే చెబుతున్నాయి.

రమాకుమారి కుళాయి పేజీ తెరిచింది. పాత వాక్యాన్ని వెనక్కి తెచ్చే వీలు వికీలో ఉంది, ఒక్క నొక్కు చాలు. ఆవిడ చూపు కాసేపు దాని మీదే ఆగింది. ఆ వాక్యమంటే ఆవిడకు ఇష్టం. ఇప్పటికీ ఇష్టమే.

"అమ్ములూ, ఇలా రా."

పిల్ల వచ్చింది. "కోపమా దిదిమణీ?"

"వచ్చింది. పోయింది. కూర్చో. ఇందులో ఇంకా రాయాల్సింది ఉంది. నా పేజీ కదా, నేను ముట్టుకోకూడదు. నేను చెబుతాను, నువ్వు రాయి."

చెప్పడం మొదలుపెట్టింది. ఇళ్లలోకి కుళాయిలు వచ్చిన రోజు అమ్మ బిందె పొర్లిపోయిన సంగతి, గది నిండా నీళ్లు, నాన్న నవ్వు, చాలు అనడానికి పక్కన మనిషి లేకపోవడం. అమ్ములు రాస్తోంది. అక్కడితో ఆగితే ఆవిడ రమాకుమారి ఎందుకవుతుంది? అప్పమ్మత్త బిందెకు పడ్డ సొట్ట ఏ వైపుండేదో చెప్పింది. కాకీమా చేతి శంఖపు గాజులు ఇత్తడికి తగిలి చేసే చప్పుడు చెప్పింది. యార్డు నుంచి వచ్చే నాన్న అడుగులు, ఆనపపాదు, మొదటి లోకల్ కూత, కంచెకు అటుపక్క ఇప్పుడు మొలిచిన పిచ్చితీగలు, ఒకదాని మీద ఒకటి పొర్లుకుంటూ వచ్చేస్తున్నాయి. కళ్లు తుడుచుకుని చూస్తే తెర మీద అక్షరాలు ఎప్పుడో ఆగిపోయాయి. అమ్ములు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"రాయవేమే?"

"అమ్మమ్మ ఏడ్చిన దగ్గర ఆపీసినాను దిదిమణీ," అంది అమ్ములు నెమ్మదిగా. "అక్కడికి సాలు."

రమాకుమారి తెర మీది ఆఖరి వాక్యం చదువుకుంది. పిల్ల భుజం మీద చెయ్యి వేసి, సరే తియ్యమ్మా అంది.